పిట్టల తాతతో ఛాయాచిత్ర ప్రదర్శనకు



ప్రతి సంవత్సరము అక్టోబరు 2వ తేదీ మొదలుకొని 8వ తేదీ వరకు దేశమంతటా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయని మీలో అనేకులు ఎరుగుదురు. గత అక్టోబరులో ఆ వారోత్సవాల సందర్భముగా కడపలో ఒక కళాశాల హాలులో అడవి జంతువుల, పక్షుల ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టారని విన్నాము. సండేస్కూలు పిల్లలు పదునలుగురిని, పెద్దవాళ్ళను ఐదుగురిని వెంటబెట్టుకొని సిద్దవటం మీదుగా వెళ్ళే మొదటి బస్సుకే బయలుదేరాము. ప్రవేశ రుసుము లేదు గనుక ఖర్చు బస్సు చార్జీలు, దారిలో పిల్లలు తిన్న బొరుగులు మాత్రమే.

ఆ పెద్దవాళ్ళలో ఒకాయన డెబ్బయి దాటినవాడు. పిల్లలు ఆయనను పిట్టల తాత అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలకు సరిగా తెలియదు, మాకు తెలుసు. లంకమల కొండల క్రింద ముండ్లకంపలలో వలలు పన్ని, ఉరులు పెట్టి కౌజు పిట్టలను, పూరేడు పిట్టలను పట్టి సంతలో అమ్మి కుటుంబమును పోషించినవాడు ఆయన. మేము ఈ సంఘమునకు కాపరిగా వచ్చిన రెండవ సంవత్సరములో ఆ పని మాన్పించాము. వలలను, ఉరులను మందిరము ముందర కుప్పపోయించి కాల్పించాము కూడా. ఆ సంగతిని ఎంతో ఉత్సాహముగా ఇదే పుటలో రాశాము. పాత సంచికలు దాచుకొన్నవారు తీసి చూడవచ్చును.

ఆ రోజు చేసినది తప్పని ఇప్పుడు చెప్పబోవడము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి పక్షులను పట్టడము నేరము. పట్టుబడితే జైలు. ఆయన ఎప్పుడో ఒకప్పుడు మానవలసినదే. అయితే ఆ వ్యాసములో ఒక సంగతి లేకపోయింది. లేదన్న విషయమైనా మాకు ఇన్నేండ్లుగా తోచలేదు. కడప హాలులో తోచింది.

హాలులో సుమారు వంద చిత్రాలు ఉన్నవి. తెల్లని బల్లలమీద అతికించి, ఒక్కొక్క దాని క్రింద పేరు, ఊరు, కొద్దిగా వివరము రాశారు. ట్యూబులైట్ల వెలుగు కొన్నింటి అద్దాల మీద పడి బొమ్మకు బదులు మన మొగమే కనబడుతున్నది. తిరుపతి జిల్లా నేలపట్టు గూడబాతులు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు మీది కొంగలు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోల గుంపు, శేషాచలము కొండల్లోని బంగారు బల్లి, రాత్రిపూట చెట్టుకొమ్మను పట్టుకొని గుడ్లప్పగించి చూస్తున్న దేవాంగ పిల్లి. పిల్లలు ఒకదాని నుండి మరొకదానికి పరుగులే పరుగులు.

బట్టమేక పిట్ట చిత్రము దగ్గర మాత్రము మేమే పిల్లలను పిలిచి నిలిపాము. మనిషి నడుము ఎత్తుకు దగ్గరగా వచ్చే పెద్ద పక్షి. దీనికొరకే 1988లో రోళ్ళపాడు అభయారణ్యము ఏర్పాటు చేశారు. ఈనాడు అక్కడ అది కనబడడమే అపురూపము. దేశము మొత్తము మీద అడవిలో మిగిలినవి సుమారు నూట యాభై అని అంచనా, అవి కూడా ఎక్కువ భాగము రాజస్థాన్‌లోనే. ఈ పక్షికి ప్రక్కచూపు బాగుంటుంది గాని ఎదుటిచూపు తక్కువ. బరువైన ఒళ్ళు. ఎగిరేటప్పుడు అడ్డముగా ఉన్న కరెంటు తీగలను సమయానికి చూడలేదు, చూచినా తప్పుకోలేదు. ఇంత పెద్ద పక్షికి అంత సన్నని తీగ మరణకారణము అవుతున్నదని చెప్పగా పిల్లలు కొంచెముసేపు ఊరకున్నారు.

అడవిపంది చిత్రము ముందర మరొకటి జరిగింది. ఉదయపు మంచులో తల్లిపంది, వెనుక వరుసగా గీతల ఒళ్ళున్న ఆరు పిల్లలు. చాలా అందముగా తీశారు. మాతో వచ్చిన ఒక సహోదరి దానిని ఎగాదిగా చూచి, "బాగనే ఉండాయి. ఈ ఫోటో తీసినాయప్పను ఒక్క రాత్రి మా శెనక్కాయ చేనికాడ కావిలి పండుకోమనండి అయ్యగారూ, అప్పుడు ఎట్ల తీస్తాడో చూద్దాం" అన్నది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండేండ్ల క్రితము కోతకు నాలుగు రోజుల ముందు ఆమె చేను ఒక్క రాత్రిలో దున్నినట్టు అయిపోయింది. చిత్రాలు చూచేవారు ఒకరు, జంతువులతో కాపురము చేసేవారు మరొకరు. ఈ తేడాను ఏ ప్రదర్శనలోను గోడమీద రాయరు.

హాలు చివర ఒక గోడకు ఈ విద్య యొక్క చరిత్రను తెలిపే పాత చిత్రాలు పెట్టారు. అందులో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను ఆంగ్లేయ అటవీ అధికారిని గూర్చి ఉంది. ఈయన అప్పటి సంయుక్త రాష్ట్రాలలో, అనగా నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతములో పనిచేశాడు. తోటి అధికారులందరు తుపాకీతో పులిని వేటాడి దాని మీద కాలు పెట్టి బొమ్మ దిగుతున్న కాలములో, ఈయన తుపాకీ మాని కెమెరా పట్టుకొని తిరిగాడు. రాత్రిపూట సంచరించే పులిని తీయడానికి ఆయన ఒక ఉపాయము చేశాడు. పులి నడిచే దారికి అడ్డముగా నేలకు దగ్గరగా సన్నని తీగ కట్టి, దానిని కెమెరాకు, మెరుపు దీపానికి కలిపాడు. పులి కాలు తగలగానే దీపము వెలిగి బొమ్మ పడుతుంది. ఆ చిత్రాలతో 1927లో ఆయన పుస్తకము వెలువడింది. పులి తన బొమ్మను తానే తీసుకొన్నది అని చెప్పవచ్చును.

ఈ వివరమును మేము తాతకు చదివి వినిపించాము. ఆయనకు చదువు రాదు. ఆయన చాలాసేపు ఆ నల్లని, తెల్లని బొమ్మను చూచి, "దారికి అడ్డం తీగ. యా దారిన పోతాదో మనం ముందే కనిపెట్టల్ల. మనిషి వాసన తగలకూడదు. అదే వచ్చి తగులుకోవల్ల. ఇది మా ఉరే గదా అయ్యగారూ" అన్నాడు.

ఔనన్నాము.

"దీంట్లో పులి మళ్ళ ఇంటికి పోతాది. అంతే తేడా."

ఆ ప్రక్కనే నేటి కాలపు పెట్టె కెమెరా ఒకటి ఉంచారు. తీగ అవసరము లేదు. ఎదుట వేడిగల శరీరము కదలితే తానే గ్రహించి బొమ్మ తీస్తుంది. దీనిని చెట్టుకు కట్టి వెళ్ళిపోతారు. పులి చారలు మన వేలిముద్రల వలె ఒకదానివి ఒకదానికి ఉండవు గనుక, బొమ్మలను పోల్చి ఇది ఫలానా పులి అని గుర్తుపట్టి లెక్కిస్తారు. 2018 నాటి పులుల గణనకు దేశములో 26,838 చోట్ల ఇట్టి కెమెరాలు పెట్టారు. వన్యప్రాణుల చిత్రాలు దాదాపు 3 కోట్ల 48 లక్షలు పడినవి, వాటిలో పులులవి 76,651. ఆ యేడు దేశములోని పులులు 2,967 అని తేల్చారు. 2022 నాటి గణనలో అది 3,682 అయినది. మన రాష్ట్రములో నల్లమలలో కూడా ఈ పద్ధతినే లెక్క తీస్తున్నారు.

తాతకు అంకెలు పట్టలేదు. కెమెరా పెట్టె ఏ ఎత్తున కడతారని అక్కడి యువకుని అడిగాడు. మోకాలి ఎత్తున అని అతడు చెప్పగా తల ఊపాడు.

ఆ తరువాతి చిత్రము చిరుతపులిది. నడుము చుట్టు ఇనుప తీగ బిగుసుకొని, చర్మము కోసుకొనిపోయి ఉంది. పందుల కొరకు చేని గట్టున పెట్టిన ఉచ్చులో పడినది. మత్తుమందు ఇచ్చి తీగ కోసి విడిపించారని క్రింద రాశారు. తాత అక్కడ నిలువలేదు, వెళ్ళిపోయాడు. మేము నిలిచి చూచాము. మన గ్రామాలలో ఇట్టి ఉచ్చులు నేటికీ పెడుతున్నారు. అంతకంటె ఘోరమైనది చేని చుట్టు కరెంటు తీగ లాగడము. దానికి పంది, చిరుత, మనిషి అన్న భేదము లేదు. మా పొరుగూరిలో ఒక యౌవనస్థుడు తన చేనిలో తానే కట్టిన తీగకు తెల్లవారుజామున మరణించగా సమాధి కార్యక్రమము మేమే జరిపించవలసి వచ్చింది. ఆ తల్లి ముందర ఏ మాట చెప్పాలో మాకు తోచలేదు. దయచేసి మీ ఇండ్లలో ఎవరైనను అట్టి ఆలోచనలో ఉంటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము.

కిటికీ ప్రక్కన ఒక పెద్ద రంగుల చిత్రము ఉంది. పిగిలిపిట్ట గూడు. అందులో మూడు పిల్లలు, ఎర్రని నోళ్ళు తెరచి ఉన్నవి. అంచున తల్లి. ప్రతి ఈక స్పష్టముగా కనబడుతున్నది. పిల్లలందరిని దాని ముందర కూర్చోబెట్టి, తల్లి ప్రేమను గూర్చి నాలుగు మాటలు చెప్పడము మొదలుపెట్టాము. ఆదివారము ప్రసంగమునకు కూడా పనికివస్తుందని మనస్సులో అనుకొన్నాము. చెప్పకేమి, అదే చూపు మాది. బొమ్మ చూడగానే పాఠము వెదకుతాము.

వెనుక నుండి తాత మెల్లగా, "అయ్యగారూ, ఇది మంచి ఫోటో కాదు" అన్నాడు.

ఎందుకని అడిగాము.

"గూడు ఎండలో ఉండాది. పిగిలిపిట్ట ఎండలో గూడు పెట్టదు. పొద లోపల, ఆకు చాటున పెడతాది. ఇక్కడ చూడండి, ఈ పుల్ల కొన తెల్లగా ఉండాది. కత్తితో కోసినారు. ఇదిగో ఈ కొమ్మను ఎవరో పక్కకు వంచి కట్టినారు. పిల్లలు నోరు తెరిచింది ఆకలికి కాదు. తల్లి నోట్లో మేత యాడుంది? ఎండకు తాళలేక రొప్పుతాండాయి. తల్లి మెడ చూడండి, ఎట్ల నిక్కించిందో. బెదిరిపోయి ఉండాది."

మేము మరల చూచాము. తెల్లని పుల్ల కొన ఉంది. వంగిన కొమ్మ ఉంది. తల్లి ముక్కున మేత లేదు. పది నిమిషాలుగా దాని ముందర నిలబడి మాట్లాడుతున్న మాకు వీటిలో ఒక్కటియు కనబడలేదు.

"ఫోటో తీసి వాండ్లు పోయినాక కాకి వచ్చుంటాది" అన్నాడు తాత.

ఒక చిన్నపిల్ల, "తాతా, అయితే ఆ పిల్లలు?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు.

ఈ మాటలు విని ప్రదర్శన నిర్వహించే యువకులలో ఒకడు దగ్గరకు వచ్చాడు. ఆ చిత్రము తనదే. మాకు ఇబ్బంది అనిపించింది గాని అతడు మర్యాదస్థుడు. కొత్తగా కెమెరా కొన్న రోజులలో తీశానని, కొమ్మలు కోసినది తాను కాదని, తీసుకొనిపోయి చూపించినవాడు కోశాడని, అప్పట్లో తనకు అది తప్పని తెలియదని చెప్పాడు. గూటి దగ్గర తీసిన చిత్రాలను ఇప్పుడు చాలా పోటీలు స్వీకరించడము లేదని కూడా అతడే చెప్పాడు. మరి ఎందుకు పెట్టావు అని తాత అడగలేదు, మేమూ అడగలేదు. "జనానికి ఇదే ఎక్కువ నచ్చుతుందండీ" అని అతడే అన్నాడు. అది నిజమే. మాకు నచ్చింది గదా.

ఈ సందర్భములో అతడు లండన్ సంగతి ఒకటి చెప్పాడు. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియము వారు జరిపే వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీ 1965 నుండి నడుస్తున్నది, లోకములో బహు పేరుగలది. 2009లో మొదటి బహుమతి ఒక స్పెయిన్ దేశస్థునికి వచ్చింది. రాత్రివేళ ఒక తోడేలు పశువుల దొడ్డి గేటు మీదుగా దూకుతున్న చిత్రము. న్యాయనిర్ణేతలు ముచ్చటపడ్డారు. కొన్ని నెలలకు, అది అడవి తోడేలు కాదు, తర్ఫీదు ఇచ్చిన పెంపుడు తోడేలు అయియుండవచ్చునని నిర్వాహకులు తేల్చి, 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు. తీసినవాడు మాత్రము ఒప్పుకోలేదు. తోడేలు గేటు కమ్మీల సందులో నుండి దూరిపోగలిగి ఉండగా పైనుండి ఎందుకు దూకుతుంది అన్నది ఒక అనుమానమట. ఇది మేము తాతకు చెప్పగా, "అదే గదా, దూరే సందు ఉంటే ఏ జంతువూ దూకదు" అన్నాడు, ఇదేమంత గొప్ప సంగతి అన్నట్లు.

అప్పటినుండి పిల్లలు మమ్మును విడిచి తాత వెంట పడ్డారు. ప్రతి చిత్రము దగ్గర, "ఇది మంచిదా తాతా, ఇది మంచిదా?" అని. ఆయనకు కొన్ని బాగా నచ్చినవి. బురదలో నిలబడి ఒంటికాలు ఎత్తిన కొంగ, పేరుకు చాలా మామూలు బొమ్మ, దానిని మెచ్చుకొన్నాడు. "దీనికి మనిషి ఉన్నట్టే తెలీదు" అన్నాడు. పాలపిట్ట చిత్రము దగ్గర, దసరాకు పంజరములో పెట్టి ఇల్లిల్లు తిప్పి డబ్బులు అడిగే పాలపిట్టలకు రెక్కలు ఎట్లు కట్టివేస్తారో, ఆ తరువాత అవి ఎందుకు ఎగురలేవో చెప్పాడు. తాను కట్టినవాడే గనుక దాచకుండ చెప్పాడు.

చివరకు కలివికోడి చిత్రము దగ్గరకు వచ్చాము. మా ప్రాంతమువారు గర్వించదగిన పక్షి ఇది. జానెడు కంటె కొంచెము పెద్దది, పెద్ద కండ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. పగలు కలివిపొదల చాటున దాగి రాత్రి తిరుగుతుంది. ఎగరడము కంటె పరుగెత్తడమే ఎక్కువ. థామస్ జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుని మూలముగా 1848లో శాస్త్రగ్రంథాలకు ఎక్కింది. 1900లో అనంతపురము దగ్గర చూచిన తరువాత మరల ఎవరికి కనబడలేదు. నశించిపోయినది అనుకొన్నారు. ఎనభై ఆరేండ్ల తరువాత, 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరపున వెదకుతున్న భరత్ భూషణ్ అను పరిశోధకునికి కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఇది మరల దొరికింది. దొరికింది అనుట కంటె దొరికించారు అనవలెను. పట్టి ఇచ్చినవాడు ఐతన్న అను స్థానిక వేటగాడు, రాత్రి దీపపు వెలుతురులో పట్టాడు. ఆ పక్షి బ్రతుకలేదు. కాని లంకమలలో ఈ జాతి ఉన్నదని లోకమునకు తెలిసింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము వచ్చింది. ఆ తరువాత తెలుగుగంగ కాలువ త్రవ్వకములో ఈ పక్షి తిరిగే నేల కొంత పోగా, వివాదము నడిచి కాలువ దారినే మళ్ళించవలసి వచ్చింది. మా సంఘములో సగముమంది ఆ నీళ్ళ కొరకు ఎదురుచూచినవారే. ఒక పిట్ట కోసమా అని ఆ రోజులలో మేము కూడ అన్నాము. ఇప్పుడు ఆ మాట అనుటకు నోరు రాదు, నీళ్ళు అక్కరలేదనుటకును నోరు రాదు.

చిత్రము క్రింద ఇంకొక సంగతి రాశారు. 2000 తరువాతి సంవత్సరాలలో పరిశోధకులు ఈ పక్షిని వెదకడానికి పొదల మధ్య మెత్తని మన్ను సన్నగా పరచి, తెల్లవారి దాని మీద పడిన అడుగుజాడలు చూచేవారట. ప్రక్కన పెట్టె కెమెరాలు కూడా పెట్టారు. కలివికోడికి కాలికి మూడే వ్రేళ్ళు, అన్నియు ముందుకే. వెనుక వ్రేలు లేదు.

తాత ఆ చిత్రము వంక చూస్తూ, "నేను చూడలేదు. మా నాయన చూసినాడు. కలివికోడి అని పేరు పెట్టి చెప్పేవాడు. మాకు ఇది ఎప్పుడూ పోలేదు అయ్యగారూ, పుస్తకంలో వాండ్లకు పోయిందేమో" అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన ప్రక్కనే కూర్చున్నాము. పిల్లలు అలసి ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. చాలాసేపు ఆలోచించి, ఆ రోజు మందిరము ముందర వలలు కాల్పించినప్పుడు మా మీద కోపము వచ్చిందా అని అడిగాము. ఇన్నేండ్లలో ఈ ప్రశ్న అడుగుట ఇదే మొదటిసారి.

"కోపం ఏమిటికి? వల పోతే పోయింది. ఎప్పుడోకప్పుడు ఫారెస్టోళ్ళు పట్టేవాండ్లే" అన్నాడు. కొంతసేపు కిటికీలోనుండి బయటికి చూచాడు. "మీరు ఒక్క మాట అడుగుతారేమో అనుకొంటి."

ఏ మాట అన్నాము.

"నలభై ఏండ్లు ఆ కంపల్లో తిరిగినావు గదా, ఏం చూసినావు అని."

మేము అడగలేదు. సాక్ష్యము చెప్పమన్నాము గాని, అందులో పాపమును గూర్చిన భాగము తప్ప మిగతాది మాకు అక్కరలేకపోయింది. ఆ తరువాత ఆయన ఉపాధిహామీ పనికి వెళ్ళాడు, మేకలు కాచాడు. కుమారుడు కువైట్‌లో ఉన్నాడు. మనుమడికి కౌజు పిట్ట కూత వినిపిస్తే కోడి అనుకొంటాడు. వలలు కాలినంత తొందరగా కాకపోయినా, ఆయనకు తెలిసినది కూడా ఏండ్ల తరబడి ఎవరు అడుగక మాసిపోతూ వచ్చింది. ఐతన్నను ఎవరో వచ్చి అడిగారు గనుక ఒక పక్షి బ్రతికి ఉన్నదని తెలిసింది. మా ఇంటి ముందరి నుండి రోజు రెండుసార్లు మేకలను తోలుకొనిపోయే మనిషిని మేము అడగలేదు.

బస్సు దిగేసరికి చీకటి పడింది.

ఆ వారము శనివారము సాయంకాలము పిల్లలు తామే వెళ్ళి తాతను పిలుచుకొని వచ్చారు. ఊరి వెలుపల కంపలోనికి వెళ్ళే కాలిబాట ఉంది. ఆయన అక్కడ రాళ్ళు ఏరివేసి, బాటకు అడ్డముగా రెండు గంపల మెత్తని మన్ను పోయించి, అరచేతితో చదును చేశాడు. ఎవరు తొక్కకూడదని, తెల్లవారి చీకటితోనే రావాలని చెప్పాడు. వెనుకటి రోజులలో ఉరి పెట్టే ముందు ఇట్లే చేసేవాడట. ఏ దారిన ఏది పోతున్నదో తెలియవలెను గదా.

ఆదివారము ఆరాధనకు గంట కొట్టినా పరుగెత్తి రాని పిల్లలు, ఆ తెల్లవారి అయిదున్నరకే అక్కడ ఉన్నారు. మేమును టార్చిలైటు తీసుకొని వెళ్ళాము. మన్ను నిండా రాత ఉన్నట్లు ఉంది. చెవులపిల్లి ముందు కాళ్ళు, వెనుక కాళ్ళు ఎట్లు పడతాయో తాత చూపించాడు. నక్క ఒకటి అంచువరకు వచ్చి, కొత్త మన్ను వాసనకు అనుమానించి ప్రక్కకు తిరిగిపోయిన గుర్తు ఉంది. ముంగిస పోయింది. ఒక మూల నుండి మరొక మూలకు సన్నని పక్షి అడుగులు, మూడేసి వ్రేళ్ళవి, వరుసగా ఉన్నవి.

పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. "మూడు వ్రేళ్ళు! తాతా, కలివికోడి!" మా గుండె కూడా కొట్టుకొన్నదని ఒప్పుకొంటున్నాము.

ఆయన మా చేతిలోని టార్చి తీసుకొని, నేలకు ఆనించి ప్రక్కగా వెలుతురు పడేటట్లు పట్టి, మోకాళ్ళ మీద వంగి చూచాడు. ఒక అడుగు చూచాడు, రెండవది చూచాడు, చివరిదాకా వెళ్ళి చూచాడు. తరువాత ఒక పిల్లవాని వ్రేలు పట్టుకొని ఒక గుర్తు వెనుక భాగమున ఆనించాడు.

"ఇక్కడ సూది మొనంత గుంట ఉండాది, తగులుతుందా? వెనక గోరు. తీతువు పిట్ట."

పిల్లల మొగములు చిన్నవైనవి. తాత లేచి, ఎండుకొమ్మ ఒకటి తీసుకొని ఆ రాతంతా చెరిపివేసి, మన్నును మరల అరచేతితో చదును చేయడము మొదలుపెట్టాడు.